బాపు తొడుక్కున్న అంతరిక్ష దుస్తులు

చంద్రుడి మీదికి వెళ్లబోయేవాళ్లు శిక్షణలో వేసుకునే దుస్తుల నమూనా సూరత్‌లోని మా చిన్న వర్క్‌షాపులో తయారైందంటే నాకే నవ్వొస్తుంది. కొలతలకు మనిషి దొరక్క, ముప్పై ఏళ్లు మరమగ్గాల దగ్గర వంగి పనిచేసిన మా బాపును నిలబెట్టి టేపు పెట్టాను. తీరా కుట్టాక అవి ఆయనకు తప్ప ఇంకెవరికీ పట్టలేదు. దాంతో పరీక్ష రోజు వ్యోమగామి వేషం బాపే కట్టాల్సి వచ్చింది, అయిదడుగుల ఎత్తుతో, కొంచెం గూనితో.

పరీక్ష మూడు గంటలు. లోపలి మనిషి పావుగంటకోసారి రేడియోలో జవాబివ్వాలి. మధ్యలో హెల్మెట్ తీస్తే రెండేళ్ల నా పని చెత్తబుట్టలోకే.

హెల్మెట్ బిగించాక, పరీక్ష చూడటానికి వచ్చిన అధికారి రేడియోలో అడిగాడు: "గాలి ఆడుతోందా?"

జవాబు లేదు. బయటి రేడియో మార్చారు, వైర్లు మార్చారు. నేను మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. బాపు మాత్రం రేకుల మీద పావురాలను చూస్తూ తీరిగ్గా కూర్చున్నాడు.

"మనిషికి స్పృహ ఉందో లేదో! తీసేయండి" అన్నాడు అధికారి. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే అమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చింది. సంగతి విని, నేరుగా వెళ్లి హెల్మెట్ అద్దం ముందు నిలబడింది. గొంతు పెగల్చకుండా పెదవులు కదిపింది, రెండు వేళ్లు తిప్పింది. మగ్గాల మోతలో అరిచినా వినపడదు కనుక షెడ్డులో అందరూ మాట్లాడుకునే పద్ధతి అది. బాపు ముఖం వెలిగింది. లోపలి నుంచి గబగబా పెదవులు కదిలించాడు.

"గాలి మంచిగనే ఆడుతుందట. ఎడమ చంకల కుట్టు ఒరుస్తుందట. పొద్దుగాల పప్పుల ఉప్పెక్కువైందట" అంది అమ్మ.

"ఉప్పు సంగతి కూడా రాయాలా?" అన్నాను.

"రాసుకో. నిన్న గూడ గదే అన్నడు."

మూడు గంటలూ అలాగే గడిచాయి, సగం సేపు ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. అధికారి 'అదనపు సంభాషణ విధానం సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాడు. పరీక్ష గట్టెక్కింది.

తర్వాత రేడియో లోపమేంటో చూద్దామని ఆ హెల్మెట్ నేను పెట్టుకున్నాను. అధికారి గొంతు గంట కొట్టినట్టు వినిపించింది. లోపమే లేదు. హెల్మెట్ తీసి అమ్మ వైపు చూశాను.

"నాలుగేండ్ల సంది ఇనవడ్తలేదు బిడ్డా. నీకు చెప్పద్దన్నడు" అంది.

ఇంట్లో నేను ఫోన్ చూసుకుంటూ ఏదో అన్నప్పుడల్లా బాపు "మొఖం జూపెట్టి మాట్లాడు" అనేవాడు. మర్యాద నేర్పుతున్నాడనుకుని విసుక్కునేదాన్ని. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

బాపు చెమట తుడుచుకుంటున్నాడు. ఎదురుగా వెళ్లి కూర్చుని, గొంతు పెగల్చకుండా అడిగాను: బాపూ, అలసిపోయినవా?

"లేదు బిడ్డా" అన్నాడు. "ఇయ్యాల నువ్వు మంచిగ ఇనవడ్డవు."