నేను మూసిన గాలి సందులు

1983 జనవరి 17, సోమవారం, ఉదయం పదిన్నర గంటలకు, నా చేత్తో పూసిన సిమెంటును నేనే సుత్తితో పగలగొట్టాను. షార్జా దాటి తూర్పున కొండల్లో ఉన్న ఒక ఊళ్లో, సర్కారు కట్టించి ఇచ్చిన ఇంటి వెనక గోడ అది. నేను ఏసీ మెకానిక్‌ని. వీసాలో మాత్రం హెల్పర్ అనే ఉండేది. మాది జగిత్యాల దిక్కు. అప్పటికి దుబాయ్ వచ్చి ఆరేళ్లు. మొదటి రెండేళ్లు మఫ్రఖ్ అనే చోట మట్టి పని చేశాను, తర్వాత ఏసీల కంపెనీలో చేరి దుబాయ్‌లోనే సత్వా అనే పేటలో ఎనిమిది మందిమి ఉండే గదికి మారాను.

ఆ చలికాలం కంపెనీకి ఒక కొత్త పని దొరికింది. కొండ ఊళ్లలో చలికి జనం గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునేవారు. అది మాన్పించడానికి సర్కారు ఇంటికొక మిషన్ గ్రాంటుగా ఇచ్చింది. చూడటానికి కిటికీ ఏసీయే. ఎండాకాలం గదిలో వేడిని లాగి బయట పారేస్తుంది. లోపల ఒక వాల్వు ఉంటుంది. అది తిరిగితే గ్యాసు ఎదురు నడుస్తుంది, అప్పుడు బయటి గాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని లాగి గదిలోకి తెస్తుంది. ఇప్పుడు దాన్ని హీట్ పంప్ అంటున్నారు, మేము ఉడుకు మిషన్ అనేవాళ్లం. ఈ పని గురించి చెబితే మా గదిలోవాళ్లు నవ్వారు. దుబాయ్‌ల ఉన్న ఉడుకు సాలదా, సర్కారు ఇంకింత పంచుతుందా అని ఒకడు అడిగాడు.

పని పద్ధతి ఇలా ఉండేది. ఆఫీసువాళ్లు ముందుగా ఇల్లు చూసి నక్షా గీసి, మిషన్ ఏ గదిలో పెట్టాలో గుర్తు పెడతారు. ఆ ఇళ్లకు కప్పు కింద జానెడేసి గాలి సందులు ఉంటాయి. వేడి బయటికి పోకుండా వాటిని సిమెంటుతో మూయాలి. మిషన్ బిగించాలి. కుంపటి తీసేశారని చూసుకోవాలి. ఈ మూడూ రాసి ఉన్న కాగితం మీద మెకానిక్, ఇంటాయన, చివరికి ఇన్‌స్పెక్టర్ సంతకం పెడితేనే గ్రాంటు ఖాయం.

నా సంతకం ఇంగ్లీషులో ఉండేది. మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్ నేర్పాడు. బొమ్మ గీసినట్టు గీసేవాణ్ని. దాని పైన ఏం రాసి ఉందో నాకు తెలిసేది కాదు. అప్పటికి నలభై ఏళ్లు వచ్చినా ఏ భాషలోనూ ఒక్క అక్షరం వచ్చేది కాదు.

ఆ ఇల్లు సయీద్ అనే ఆయనది. ఇంట్లో ఆయన, ముసలి తల్లి, ఇద్దరే ఉండేవారు. నక్షాలో మిషన్ గుర్తు తల్లి గదికే ఉంది. జనవరి 13, గురువారం మేము వెళ్లాం. ఆడవాళ్ల గదిలోకి పరాయి మగవాడు అడుగుపెట్టకూడదు, అది అక్కడి మర్యాద. అందుకని నిచ్చెన వేసుకుని బయటి నుంచే నాలుగు సందులూ మూశాను. గది లోపల ఏముందో చూడలేదు. తలుపు సందులోంచి చాయ్ ఫ్లాస్కు పట్టుకుని ఒక చెయ్యి బయటికి వచ్చింది. తాగి పని చేసుకోండి అని ఆమె అరబ్బీలో అన్నది. ఆమెను ఆ రోజు అంతవరకే చూశాను.

మిషన్ కోసం గోడ కొట్టబోతుంటే సయీద్ వచ్చి ఆపాడు. మిషన్ మోత అమ్మకు పడదట, మజ్లిస్‌లో, అంటే చుట్టాలు కూర్చునే ముందు గదిలో, పెట్టమన్నదట. ఇంటికి వచ్చినవాళ్లు చలికి వణకడం ఆమెకు నామోషీ. మజ్లిస్ గోడ పలచన, పని తొందరగా అవుతుంది. ఖాదర్ భాయ్ సరేనన్నాడు. మిషన్ అక్కడ బిగించాం. నడిపి చూస్తే వేడిగాలి బాగానే కొట్టింది.

సామాను సర్దుతుంటే నాకు మనసున పట్టలేదు.

“భాయ్, మిషన్ ఇటు వచ్చింది గదా, అటు మూసిన సందులు తెరువాల్నా?” అని అడిగాను.

“కాగితంలో మూయమనుంది, మూసినాం. తెరిస్తే పాస్ చేయరు. నువ్వేమన్నా ఇంజినీరువా మల్లయ్యా? నీ వీసాలో హెల్పర్ అనే కదా ఉండేది,” అన్నాడు. నేను మిగతా సామాను సర్దేశాను.

ఇక కుంపటి. సయీద్ గేటు పక్కన పడి ఉన్న పగిలిన కుంపటి చూపించి, ఖలాస్ అన్నాడు. అది ఎప్పుడో పాడైపోయి పారేసింది. వాడుకునేది లోపలే ఉందని తర్వాత తెలిసింది. నేను లోపలికి పోలేను, పోయి చూసి చెప్పమని ఆయన్ను అడగనూ లేదు. బొమ్మ గీశాను. ఆయనా సంతకం పెట్టాడు.

సోమవారం ఇన్‌స్పెక్టర్‌తో కలిసి మళ్లీ వెళ్లాం. యూసుఫ్ అని, మెత్తగా మాట్లాడే మనిషి. మజ్లిస్‌లో మిషన్ ముందు కూర్చుని, బాగుంది అన్నాడు. సయీద్ కావా, అంటే అరబ్బుల కాఫీ, పోస్తూ అది ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. తల్లి తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని మళ్లీ పడుకున్నదట, ఇంకా లేవలేదట. మూడు రోజులుగా తలనొప్పి అంటున్నదట, వయసు కదా అన్నాడు.

తలనొప్పి అనగానే నాకు మూసిన సందులు గుర్తొచ్చాయి. మూసిన గదిలో బొగ్గు కాలిస్తే వచ్చే విషానికి వాసన ఉండదు, ముందు తలనొప్పే వస్తుంది. మఫ్రఖ్‌లో ఒక చలికాలం మా క్యాంపులో ఇద్దరిని అలా చూశాను. అమ్మ గదిలో బొగ్గులున్నాయా అని సయీద్‌ను అడిగాను. ఆయన కావా గిన్నెల వైపు చూస్తూ తల ఊపాడు.

“తలుపు తియ్యి. అమ్మను బయటికి తే. యల్లా,” అన్నాను. ఒక యజమానితో అట్లా మాట్లాడటం అదే మొదటిసారి.

ఆయన పరిగెత్తాడు. నేను సుత్తి తీసుకుని వెనక్కి పోయి నిచ్చెన ఎక్కాను. ఖాదర్ భాయ్ వెనకే వచ్చి, ఇన్‌స్పెక్టర్ లోపలే ఉన్నాడురా అన్నాడు. ఆ మాట అంటూనే నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు. రెండు సందులు తెరిచేసరికి సయీద్ తల్లిని దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చాడు. ఊపిరి ఉంది, పిలిస్తే పలకడం లేదు. తన జీపులో వేసుకుని ఆస్పత్రికి పోయాడు.

ఆ తర్వాత జరిగింది కూడా రాయాలి. యూసుఫ్ వెనక్కి వచ్చి, నక్షా విప్పి, గోడ చూశాడు. పాపం ముసలామె అన్నాడు. నక్షాలో ఈ సందులు మూసి ఉండాలి, ఇట్లా ఉంటే నేను సంతకం చేయలేను, ఇంటివాళ్లకు గ్రాంటు పోతుంది అన్నాడు. ఖాదర్ భాయ్ సిమెంటు కలిపాడు. కాదనలేదు నేను. గది ఖాళీగా ఉంది కదా అనుకుని మళ్లీ మూశాను. యూసుఫ్ సంతకం పెట్టాడు. మజ్లిస్‌లో మిషన్ నడుస్తూనే ఉంది.

బుధవారం ఆమె ఆస్పత్రిలో చనిపోయింది. మాకు శుక్రవారం తెలిసింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. సయీద్ కూడా అడగలేదు.

ఆ వేసవిలో మా గదిలో ఉండే నెల్లూరు దర్జీ దగ్గర అఆలు మొదలుపెట్టాను. తెలుగుకు ఏడాది పట్టింది, ఇంగ్లీషు కూడబలుక్కోవడానికి ఇంకో ఏడాది. 1985లో కంపెనీ ఆఫీసులో ఏసీ బిగించే పని పడితే, అక్కడి గుమాస్తాను అడిగి ఆ ఇంటి ఫైలు తీయించుకున్నాను. ఒక్కో మాట మీద వేలు పెట్టుకుని చదివాను. మిషన్ పెట్టిన గది సందులు మాత్రమే మూయాలి అని ఉంది. దాని కిందే, మంట వాడే గది ఏదైనా మిగిలితే దాని సందులు తెరిచే ఉంచాలి అని ఉంది. దాని కింద నా బొమ్మ ఉంది.

ఫైలు పట్టుకుపోయి ఖాదర్ భాయ్‌కు చదివి వినిపించాను. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నాకు మాత్రం చదువొచ్చనుకుంటివా మల్లయ్యా,” అన్నాడు. “ముదీర్, అదే మన మేనేజరు, నోటితో చెప్పింది నీకు చెప్తి. సంతకం ఒక్కటే నాకు వచ్చేది. అదే నీకు నేర్పిస్తి.”

ఆ పనిలో ఇంకా పన్నెండేళ్లు ఉన్నాను. నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్తాను. మిషన్ చోటు మారితే, దాని కోసం అంతకుముందు చేసిన పనంతా మొదటి నుంచీ మళ్లీ చూడాలి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకూడదు, పక్కవాడు చదివాడని అనుకోకూడదు. ఇవి తెలియక చేశానని చెప్పుకోవచ్చు. కానీ గురువారం నాడు నాకు అనుమానం వచ్చింది, నోరు మూసుకున్నాను. అది చదువు రాకపోవడం కాదు.

ఆ సోమవారం అక్కడ ఉన్నవాళ్లు: ఫోర్‌మన్ ఖాదర్ భాయ్, కడప జిల్లా. ఇన్‌స్పెక్టర్ యూసుఫ్. ఇంటాయన సయీద్. ఆయన తల్లి మరియమ్. గ్రాంటు దరఖాస్తు ఆమె పేరు మీదే ఉందని ఫైలు చదివాకే తెలిసింది. మెకానిక్ మల్లయ్య, అంటే నేను.