సలోమమ్మ అడిగినప్పుడు

వేసవి చివర్లో చిత్తూరు నుంచి బెంగుళూరు వైపు వెళ్ళే బస్సు బంగారుపాళ్యం దాటుతుండగా మామిడి గుజ్జు ఉడికే వాసన ఒక్కసారిగా కిటికీలోంచి లోపలికొస్తుంది. పక్క సీట్లవాళ్ళు గుండెల నిండా పీల్చుకుంటారు, పిల్లలు ఫ్యాక్టరీ ఎక్కడుందని తల్లుల్ని అడుగుతారు, నేను మాత్రం అద్దం మూసేస్తాను. ఆ తీపి వాసనకు ఏ పాపమూ తెలియదు. నా తొమ్మిదో ఏట దాంతోపాటే ఇంకో వాసన, పిండికట్టు కింద పుండు కుళ్ళే వాసన, నా ముక్కులో చేరింది. ఇన్నేళ్ళయినా ఆ రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

మా ఊరు ఆ రోడ్డుకు మైలు దూరం లోపల. గంగజాతరకు ఇంటింటా అంబలి పోసిన దగ్గర్నుంచి వానలు ముదిరేదాకా మా ఊళ్ళో ఎవరి పక్కన కూర్చున్నా మామిడి వాసనే. తెల్లారకముందే తోటల్లో కోత మొదలయ్యేది, తోతాపురి కాయలు గుట్టగా పోసుకున్న ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరేవి, గోడ వెనక తొక్కలూ టెంకలూ మనిషెత్తు పేరుకుని ఈగలు ముసిరేవి. అమ్మ ఆ రెండు మూడు నెలలూ ఫ్యాక్టరీలో తొక్క తీసే పనికి పోయేది. సొన తగిలి ఆమె వేళ్ళు నల్లబడి పొరలుగా ఊడుతుంటే, కారం తగిలితే మంటని, ఆ రోజుల్లో మా ఇంట్లో ఆమె ఒక్కతే చెంచాతో అన్నం తినేది. నాయన ఒక తోట ఆసామి దగ్గర ట్రాక్టరు తోలేవాడు. అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, ఈతచాప మీద మామిడి రసం పూసి, ఒక పొర ఆరాక ఇంకో పొర పూస్తూ, పొర కమ్మిన కళ్ళతో కాకుల నీడను పోల్చుకుని అదిలిస్తూ కూర్చునేది. మేము పిల్లలం టెంక పగలగొట్టి లోపలి జీడిని రాతిమీద అరగదీసి బూరలు చేసుకుని ఊరంతా వినపడేట్టు ఊదేవాళ్ళం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆగి ఉన్న ట్రాక్టరు వెనక ట్రాలీ ఎక్కి కాయల గుట్ట మీది నుంచి జారడం ఒక ఎత్తు. ఆ రోజు నేనెక్కింది నాయన ట్రాక్టరే. ముందు బండి కదలడం చూసి ఆయనా కదిలించాడు, వెనక నేనున్నట్టు ఆయనకు తెలియదు. కాయలతోపాటు కిందికి దొర్లాను. ఎడమ తొడ ఎముక విరిగింది. నన్ను చేతుల్లోకి ఎత్తుకున్నప్పుడు నాయన ఏడవలేదు, ఎవరినీ పిలవలేదు, "నేనే, నేనే" అని మాత్రం అంటూ పరిగెత్తాడు. తర్వాత ఎవరు ఆ మాట ఎత్తినా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

తిరుపతి ఆసుపత్రిలో మూడు వారాలు కాలికి బరువులు వేలాడదీసి, ఆ పైన రొమ్ము కింది నుంచి ఎడమ పాదం దాకా పిండికట్టు వేసి, ఇంకో ఆరు వారాలు ఇంట్లోనే పెట్టుకుని జాగ్రత్తగా చూసుకొమ్మని పంపేశారు. ఆ జాగ్రత్త ఎట్లా ఉండాలో డాక్టరు చెప్పాడు, అమ్మ అన్నిటికీ తలూపింది. జీపు ఊరు చేరేసరికి ఆమెకు గుర్తున్నది కట్టు తడవకూడదన్న ఒక్క మాటే. సీజను పోతే మళ్ళీ యేడాదిదాకా ఆమెకు పని లేదు, అవ్వకు చూపు లేదు. ఎవరో చెబితే నాయన చిత్తూరు వెళ్ళి సలోమమ్మను మాట్లాడుకుని వచ్చాడు.

సలోమమ్మ ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి మానుకున్న మనిషి. యాభై దాటిన వయసు, తెల్లచీర, గాజుల్లేని చేతులు, రవికకు పిన్నుతో తగిలించుకున్న చిన్న గడియారం. వైరుబుట్టలో తన సబ్బు, తన తువ్వాలు, తన స్టీలు లోటా తెచ్చుకునేది. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు వచ్చి, అమ్మ పని దిగి ఇల్లు చేరాక వెళ్ళేది. ఆదివారం చర్చికి పోతుంది కాబట్టి వచ్చేది కాదు. వచ్చిన మొదటిరోజే నా మంచం చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందప్పా ఇది? నులక మంచం మీదేసినారే బిడ్డని! నడుంకాడ కుంగితే కట్టు ఇరిగిపోదా?"

నాయన మారుమాటాడకుండా గొడ్ల కొట్టం తలుపు ఊడదీసి మంచం మీద పరిచాడు.

ఆ తలుపు మీద గడిచిన రోజులు నాకిప్పటికీ ఒకటే పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తాయి. ఇంటి పెంకులు ఎన్నో లెక్కపెట్టేదాన్ని, వీధిలో బూరల మోత విని ఏది ఎవరిదో పోల్చుకునేదాన్ని, అలిసిపోయి పడుకునేదాన్ని, పడుకుని పడుకుని మళ్ళీ అలిసిపోయేదాన్ని. గడియారం చూసుకుని రెండు గంటలకోసారి సలోమమ్మ నన్ను పక్కకు తిప్పేది, మడమ మంచానికి ఆనకుండా కాలికింద దిండు పెట్టేది. కట్టు అంచులు ఒంటిని కోయకుండా పాతచీర ముక్కలు చుట్టింది. దొడ్డికి, ఒంటేలుకు సిగ్గుపడి బిగబట్టుకుంటే, "నువ్వు బిగబట్టుకుంటే నాకు కష్టం పాపా, పోతే కాదు" అనేది. నానబెట్టిన ఎండుద్రాక్ష, రాగిసంగటి, ఆకుకూర, గుడ్డు, ఏది ఎప్పుడు తినాలో అమ్మకు చెప్పి చేయించేది. పని ఏదైనా ముందూ వెనకా మోచేతులదాకా సబ్బుతో కడుక్కునేది.

పొద్దున రాగానే నా కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలేది. తెల్లబడిన గోటికింద ఎరుపు తిరిగొచ్చేదాకా కన్నార్పకుండా చూసేది. తర్వాత వంగి నడుము దగ్గర, తొడ దగ్గర, పాదం దగ్గర కట్టుకు ముక్కు ఆనించి వాసన చూసేది. "లోపల ఏం జరగతా ఉండాదో కంటికి కనపడదు. ముక్కుకు తెలస్తాది" అనేది. దురదేస్తే కట్టు మీద వేళ్ళతో తట్టేది. లోపల మాత్రం ఏదీ పెట్టకూడదని నాకూ అమ్మకూ అవ్వకూ వేరువేరుగా చెప్పింది.

ఇంత చేసిన మనిషికి మా అవ్వ మా కడవలో నీళ్ళు ముంచుకోనిచ్చేది కాదు. పైనుంచి పోస్తే ఆమె తన లోటాలో పట్టుకునేది, పంచలో కూర్చుని తన సద్ది తినేది. నా మలమూత్రాలు ఎత్తిపోసే చేతులు నీళ్ళకడవకు పనికిరాకపోవడం ఆ వయసులో నాకు వింతగా తోచలేదు. ఎవరికీ తోచలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఫ్యాక్టరీలో ఉంది, నాయన తోటలో ఉన్నాడు. ఉక్కకు ఒళ్ళంతా చెమట. కట్టు లోపల తొడమీద ఏదో పాకుతున్నట్టు దురద మొదలై, తట్టినా తగ్గక, నేను గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టాను. అవ్వ కాసేపు విసిరింది, ఊదింది, దేవుళ్ళందరినీ పిలిచింది. చివరకు పొరకలోంచి, అదే, ఇల్లూడ్చే చీపురులోంచి, కొబ్బరి పుల్ల ఒకటి లాగి నా చేతికిచ్చింది.

"గీరుకో తల్లీ. ఆయమ్మ రేపు గదా వచ్చేది."

ఆ సుఖాన్ని మాటల్లో చెప్పలేను. కళ్ళు మూసుకుని గీరుకున్నాను. తీసేసరికి పుల్ల సగమే వచ్చింది. అవ్వ చేతులతో తడిమి చూసి, నా ముఖం తన పొట్టకు ఆనించుకుంది. "ఎవురికీ సెప్పబాక. మీ నాయన నన్ను ఇంట్లో ఉండనీడు." నేను చెప్పనన్నాను.

సోమవారం సలోమమ్మ ముక్కుకు ఏమీ తెలియలేదు. మంగళవారం తొడ దగ్గర ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగి, "లోపలేమన్నా పెట్టినావా?" అని అడిగింది. లేదన్నాను. బుధవారం మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. గురువారం నాకు జ్వరం వచ్చింది. ఆమె కట్టుకు అరచెయ్యి ఆనించి, ఒకచోట వేడిగా ఉందని కనిపెట్టి, తోటకు కబురంపింది. లోడు దించి సాయంత్రం వస్తానని నాయన చెప్పి పంపితే, "సాయంత్రందాకా ఆగేది కాదిది" అని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి, లోపల పనిలో ఉన్న అమ్మకు కబురు పెట్టి, ఇద్దరు మనుషుల్నీ ఒక వ్యానునూ అడిగి తెచ్చి, తలుపుతో సహా నన్ను ఎక్కించి చిత్తూరు తీసుకెళ్ళింది. దారంతా కుదుపు తగలకుండా నా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది.

అక్కడ చిన్న రంపంతో కట్టుకు కిటికీలాగా కోశారు. ఆ వాసనకు గదిలోవాళ్ళు కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. డాక్టరు చీము తుడిచి చిన్న పట్టకారుతో పుల్లముక్కను పైకి తీశాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఎముకదాకా పోయేదన్నాడు. అప్పటికి అమ్మా నాయనా చేరుకున్నారు. బిడ్డను ఎవరు చూసుకుంటున్నారని డాక్టరు అడిగితే అందరూ సలోమమ్మ వైపు చూశారు.

"దీనికేనా నిన్ను పెట్టుకునింది?" నాయన అరిచాడు. "పుల్ల లోపలుంటే ఇన్ని దినాలు ఏం సేస్తా ఉన్నావు?"

"నేను పెట్టలేదప్పా. నా ముందర ఎవురూ పెట్టలేదు. ఆదివారం నేను లేను."

"ఆదివారం మాయమ్మ ఉన్నింది. మాయమ్మ మీదికి తోస్తావా?"

సలోమమ్మ ఆయన వైపునుంచి నా వైపు తిరిగింది. నా తలదగ్గరికొచ్చి వంగింది.

"పాపా, నువ్వు సెప్పు. ఎవురూ కొట్టరు. ఏం జరిగిందో సెప్పు."

"నాకు తెల్దు" అన్నాను.

ఆమె నా కాళ్ళవైపు వెళ్ళి, బొటనవేలి గోరు నొక్కి వదిలి, ఎరుపు తిరిగొచ్చేదాకా ఆగి, తన బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ యేడు అమ్మ మళ్ళీ ఫ్యాక్టరీకి పోలేదు. రెండు గంటలకోసారి తిప్పడం, గోరు నొక్కడం, వాసన చూడడం, అన్నీ సలోమమ్మ చేసినట్టే చేసింది, ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం ఒక్కసారీ అనలేదు. నా పక్కన కూర్చున్నచోటే, దిండు సర్దబోతున్న చెయ్యి దిండుకిందే ఉండగా, పట్టపగలు నిద్రపోయేది. కట్టు విప్పాక కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో కాలులా కనిపించింది. తొడమీద లోతుగా మచ్చ పడింది. నాయన ఊళ్ళో అందరికీ చెప్పాడు, చిత్తూరు నుంచి తెచ్చిన ఆయా బిడ్డ కాలు కుళ్ళబెట్టిందని. మా చుట్టుపక్కల ఎవరూ మళ్ళీ ఆమెను పిలవలేదు.

రెండేళ్ళకు అవ్వ మంచాన పడింది. ఆ పని తెలిసిన మనిషి మాకు తెలిసి ఒక్కతే, ఆమెను పిలవడానికి ముఖం లేదు. అమ్మ ఒక్కతే ఎంతకని తిప్పుతుంది? అవ్వ వీపంతా పుండ్లు పడ్డాయి. నేను దగ్గరికెళ్తే నా కాలు తడిమేది, మాట్లాడేది కాదు. అట్లాగే పోయింది.

ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు కందులు చెరుగుతున్న అమ్మతో అంతా చెప్పేశాను. ఆమె చేట ఆపలేదు.

"తెల్సు. పుల్ల బయటికి తీసినప్పుడే తెల్సు. నేను దినామూ ఊడ్సే పొరక కాదా?"

"మరి ఎందుకు సెప్పలేదు మా?"

"మీ నాయన అప్పటికే సగం సచ్చుండాడు. ఒకపక్క తానూ, ఇంకోపక్క వాళ్ళమ్మా అని తెలిస్తే ఏమైపోయేవాడో." చేట పక్కన పెట్టింది. "నీకు తొమ్మిదేండ్లు. నాకు?"

ఆ వారమే ఇద్దరం చిత్తూరు వెళ్ళాం. అడగ్గా అడగ్గా పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఇంట్లో సలోమమ్మ పనిచేస్తోందని తెలిసింది. మోచేతులదాకా సబ్బు నురగతో గడపలోకి వచ్చి నిలబడింది. జుట్టు పూర్తిగా నెరిసింది. అమ్మ మొట్టమొదటిసారి ఆమెను అక్కా అని పిలిచి, జరిగింది చెప్పి, చేతులు పట్టుకోబోయింది.

"తడిగా ఉండాయి" అని ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "ఆ యేడు నన్నెవురూ పనికి పిల్లేదమ్మా. బిడ్డ పెండ్లి ఆగిపోయింది. ఇప్పుడు సెప్తే ఏమొస్తాది?" నావైపు తిరిగింది. "నడు, సూస్తాను."

ఆ వాకిట్లో నేను అటూ ఇటూ నడిచాను. మడమ నుంచి నడుందాకా చూసింది. "బాగానే అతుక్కునింది. చలికాలం నూనె రాసుకో" అంది. గడియారం చూసుకుని, పెద్దాయనను తిప్పే వేళయిందని లోపలికి వెళ్ళింది. మేము ఇంకా కాసేపు నిలబడ్డాం. ఆమె మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నాయన లేడు. అమ్మ పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి ఆ షెడ్డులో గచ్చుబండలు అమ్ముతున్నారు. పిండికట్లు పోయి తేలికైన కట్లు వచ్చాయి, ముక్కుతో వాసన చూసేవాళ్ళు నాకెక్కడా కనిపించలేదు. సలోమమ్మ పోయి ఎన్నేళ్ళయిందో మాకు సరిగా తెలియదు. పోయిన నెల అమ్మకు తిరుపతిలో మోకాలి ఆపరేషనయింది. నా ఉద్యోగం వదిలే వీల్లేక, ఇంటికి మనుషుల్ని పంపే ఒక కంపెనీతో మాట్లాడుకున్నాను. పలమనేరు పిల్ల ఒకతి వస్తోంది, దీప. చేసిన ప్రతి పనికీ గడిలో టిక్కు పెట్టాల్సిన కాగితం ఆ కంపెనీవాళ్ళే ఇచ్చారు. మొన్న ఏదో మర్చిపోయి పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ ఇంటికొస్తే, సాయంత్రందాకా అన్ని గడుల్లోనూ టిక్కులున్నాయి, మధ్యాహ్నం ఇంజెక్షను గడితో సహా. ఫోను తీశాను.

"ఎవురికి?" అంది అమ్మ మంచం మీది నుంచి. కంపెనీకని చెప్పాను. "ఆ బిడ్డను అడిగినావా?"

అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి అడిగాను. దీప ముఖం పాలిపోయింది. "రేత్రి ఇంకో ఇంట్లో డ్యూటీ అక్కా. నిద్రొచ్చి మర్సిపోతానేమో అని ముందే పెట్టేసినాను. గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో తిడతారు" అంది, నిలబడలేక గోడకు ఆనుకుని.

ఆఫీసుకు సెలవు చెప్పి, ఆ పిల్లను లోపలి గదిలో పడుకోబెట్టి, అమ్మ కాలు కింద దిండు సర్ది కూర్చున్నాను. దీప రెండింటికి లేచి చేతులు కడుక్కుని వచ్చి, ముందుగా కాగితం తీసుకుని, మధ్యాహ్నం గడిలోని టిక్కును కొట్టేసింది. తర్వాత ఇంజెక్షను తీసింది.