పోచమ్మ రాయి మీద ముత్తయ్య పేరు

మా చిన్నప్పుడు ఒక ఏడు బోనాలకు ముందురోజు నాకొక పెద్ద పని పడింది... నాచారంలో మా వీధి మలుపులో ఉన్న పోచమ్మ రాయిని కడగడం!

నడుమెత్తు నల్లరాయి అది. ఎవరు నిలబెట్టారో ఎవరికీ తెలియదు. ఏటా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టీ పెట్టీ... రాయి కంటే పసుపే మందంగా ఉండేది. దాని బాగోగులన్నీ మా పక్కింటి ఎల్లవ్వే చూసుకునేది. ఆ ఏడు ఆమెకు మోకాళ్ల నొప్పులు. "జర నీళ్లు జల్లి పైపైన తుడువు బిడ్డా, సాలు" అని నాకు అప్పగించింది.

పైపైన తుడిస్తే అది నేనెలా అవుతాను... అమ్మ ఇత్తడి బిందెలు తోమడం రోజూ చూస్తున్నదాన్ని. గుప్పెడు చింతపండు, కొబ్బరి పీచు, ఒక చెంబు వేడినీళ్లు పట్టుకెళ్లి ఒళ్లు మరిచి తోమాను. పసుపంతా పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది... దాని కింద నున్నటి రాయి, రాయి మీద వరుసగా చెక్కిన ఏవో గీతలు.

అమ్మవారి చర్మం ఒలిచేశాననుకున్నాను! ఇక నా కళ్లు పోవడం ఖాయమని అక్కడే కూలబడి ఏడుపు లంకించుకున్నాను.

వీధిలో ఆడవాళ్లంతా పోగయ్యారు. "అయ్యో, తల్లికి కోపమొస్తది! జల్ది పసుపు కలుపుర్రి" అని ఒకామె కేకలు. సరిగ్గా అప్పుడే సుబేదార్ తాత వచ్చాడు. నాన్నకు మేనమామ... మిలిటరీలో చేసి రిటైరై సైనిక్‌పురిలో ఉండేవాడు. ఏటా బోనాలకు మా ఇంటికే భోజనం.

"ఆగుర్రి... జర ఆగుర్రి. ఇది ఉర్దూ" అన్నాడు.

నిజాం కాలంలో ఆయన బడి చదువంతా ఉర్దూలోనే. చెప్పులు విడిచి, రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లజోడు తుడుచుకుని, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ కూడబలుక్కున్నాడు.

"ఈ ఊరికెల్లి ఏడుగురు జంగుకు పోయిన్రని రాసిండ్రు. ఇది సిపాయిల రాయి. సర్కారోళ్లు పాతి పోయిన్రేమో, సదివెటోళ్లు లేక పసుపెక్కింది."

ఒక్కొక్క పేరూ గట్టిగా చదివాడు. అయిదు పేర్లయ్యాక ఒక అడ్డగీత... దాని కింద ఇంకో రెండు. "ఈ ఇద్దరు మల్ల రాలే. బర్మా లడాయిలనే పానమిడిసిన్రు" అన్నాడు. అన్నిటికంటే కింద ఉన్న పేరు దగ్గర వేలు ఆపాడు.

"ముత్తయ్య, వల్ద్ లచ్చయ్య."

వల్ద్ అంటే ఫలానా ఆయన కొడుకు అని. ఆ మాట వినగానే, పసుపు కలుపుకొచ్చిన ఎల్లవ్వ చేతిలో గిన్నె జారి పడింది. "మల్లొకసారి సదువు అన్నా..." అంది.

ముత్తయ్య ఆమె తండ్రి. లచ్చయ్య ఆమెకు తాత. ఎల్లవ్వ కడుపులో ఉండగా పట్టాళంలో చేరి వెళ్లిన మనిషి... ఒక ఉత్తరం లేదు, కబురు లేదు. రంగూన్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఊళ్లో చెవులు కొరుక్కున్నారట. ఆ మాటలు పడలేక వాళ్లమ్మ మౌలాలిలో పుట్టింటికి వెళ్లిపోయి, మొగుడు వదిలేసిన ఆడదనే పేరుతోనే కన్నుమూసింది. ఎల్లవ్వ పెళ్లయి మళ్లీ ఈ ఊరికే వచ్చినా, నల్లా దగ్గర నీళ్ల జగడమైతే చాలు ఎవరో ఒకరు ఆ మాటే ఎత్తేవారు.

సుబేదార్ తాత మళ్లీ చదివాడు. ఎల్లవ్వకు అక్షరం ముక్క రాదు. తాత చూపించిన చోట వేలు పెట్టి, ఆ గీతల వెంట మెల్లగా తడిమింది.

"ఇరవై ఏండ్ల సంది పసుపు పెడ్తున్న... మా నాయినకేనా నేను పెట్టింది?"

ఆమె లేచి నిలబడి వీధంతా వినబడేలా అరిచింది.

"ఇన్నరా అందరు? మా నాయిన మమ్ముల ఇడిసిపెట్టి పోలే! లడాయిల సచ్చిపోయిండు!"

తండ్రి చావు కబురు అంత గర్వంగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. వంగిపోయిన నడుముతో నడిచే మా తాత ఒక్కసారిగా నిటారుగా నిలబడి ఆ రాయికి సెల్యూట్ కొట్టాడు.

మరి పసుపు పూయాలా, వద్దా? అదో పెద్ద పంచాయితీ. చివరికి ఎల్లవ్వే తీర్పు చెప్పింది.

"ఎనక దిక్కు తల్లికి, ముంగట మా నాయినోళ్లకు. పోచమ్మ ఏమనది. ఇన్ని దినాలు ఆయన పేరు కాపాడింది ఆమెనే గదా... పసుపు లేకుంటే ఈ రాయిని ఎవడో ఇంటి మెట్టుకు ఏసుకుంటుండె."

అప్పటి నుంచి ఏటా పోచమ్మకు బోనం అయ్యాక, ముందువైపు ఏడు విస్తరాకులు వేసేది. ఏడో ఆకులో అన్నం కొంచెం ఎక్కువ పెట్టేది...

ఇప్పుడు ఎల్లవ్వ లేదు, సుబేదార్ తాత లేడు. మేం ఉప్పల్‌కు మారిపోయాం. మొన్న బోనాలకు మా పాపను తీసుకుని వెళ్లాను. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోస్తారు కదా... నడుమెత్తు రాయి మోకాలెత్తు అయింది. అయిదు పేర్లే పైకి కనిపిస్తున్నాయి. అడ్డగీత, దాని కింది ఇద్దరూ సిమెంటు కింద ఉన్నారు.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది పాప. దానికి కథంతా చెప్పి, ఆ సిమెంటు మీదే ఒక విస్తరాకు వేశాం.

మీ వీధి మలుపులో కూడా పసుపు పూసిన రాయి ఏదైనా ఉందా? ఒక్కసారి చేత్తో తడిమి చూడండి... అక్షరాలు తగిలితే, చదవగలిగిన వాళ్లను పిలిచి ఆ పేర్లు ఇక్కడ, ఈ కథ కింద రాయండి. ఏ ఎల్లవ్వ ఇంకా నల్లా దగ్గర తల దించుకుని నిలబడుతోందో...