యారో మడికి నీళ్లు పెట్టలేదు

రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, ఒక ఆగస్టులో, ఉద్యాన అధికారిగా నన్ను వెల్దుర్తి వైపు ఒక నర్సరీకి వేశారు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. నీళ్లు పెద్దగా అడగని పూలమొక్కలు పెంచి, వాటి కోసం తేనెటీగలు ఎలా వస్తాయో రైతులకు చూపించడం నాకు అప్పగించిన పని. తేనెటీగ వాలకపోతే దోస, బీర, గుమ్మడి పిందె పట్టవు. మందులు కొట్టే హడావుడిలో ఆ సంగతే మరిచిపోయాం.

పైనుంచి వచ్చిన విత్తనాల్లో యారో ఒకటి. మన నేల మొక్క కాదు. ఆకు సోపాకులా సన్నగా చీలి ఉంటుంది, చిన్న చిన్న తెల్లపూలు గుత్తిగా పూస్తాయి. నారు పోసి రెండు మళ్లలో నాటించాను. కుళాయి పక్కన, పశువుల ఎరువు దండిగా వేసిన మడి కోటయ్యకు అప్పగించాను. కంచె వారగా గులకరాళ్ల నేలలో ఉన్నది సలోమమ్మకు. ఇద్దరూ ఔట్‌సోర్సింగ్ వాళ్లే. మూడు నెలలకోసారి ఏజెన్సీ వేసే రెన్యువల్ జాబితాలో పేరుంటేనే పని. సలోమమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. మిరప కోతకు వంగలేక, కూర్చుని సంచుల్లో మట్టి నింపే పని దొరుకుతుందని నర్సరీలో చేరింది.

నర్సరీలో తడి రిజిస్టరు అని ఒకటి ఉంటుంది. ఏ మడికి ఏ రోజు నీళ్లు పెట్టారో పనివాళ్లు రాయాలి, వారానికోసారి అధికారి సంతకం చేయాలి. డిసెంబరులో ఏ.డి. గారు, అంటే నా పై అధికారి అయిన అసిస్టెంట్ డైరెక్టరు, తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. రిజిస్టరు తిరగేశాను. కోటయ్య గడిలో రోజూ 'పెట్టడమైనది'. సలోమమ్మ గడిలో వంకర అక్షరాలతో 'పెట్టలేదు', పదకొండు రోజులు వరసగా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విసవిసా కంచె దగ్గరికి వెళ్లాను. కోటయ్య మడి ఏపుగా పచ్చగా ఉంది. ఈమెది నేలను కరుచుకుని, బూడిద రంగు ఆకుతో వెలవెలబోతోంది.

"పదకొండు రోజులు నీళ్లు పెట్టకుండా ఏం చేస్తున్నావే?" అన్నాను.

"అది కాదు మేడం, ఈ మొక్క చానా..."

"నోర్ముయ్. మొక్కల సంగతి నువ్వా నాకు చెప్పేది?"

ఆ పూటే మెమో రాశాను. పర్మినెంటు వాళ్లు మెమోను దులిపేసుకుని పోతారు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు మాత్రం అది కూటికి సంబంధించిన విషయం. 'విధుల్లో నిర్లక్ష్యం' అని రాసి సంతకం చేశాను. నెలాఖరు జాబితాలో సలోమమ్మ పేరు లేదు. గునపం, బిందె స్టోరులో అప్పగించి, నకరికల్లులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

తనిఖీ వాయిదా పడి ఫిబ్రవరిలో జరిగింది. ఈలోగా రెండు మళ్లూ కోటయ్యే చూశాడు, రెండు గడుల్లోనూ రోజూ 'పెట్టడమైనది' అని రాశాడు, నేను సంతకాలు చేస్తూ పోయాను. తీరా ఆ రోజుకి కుళాయి పక్క మడిలో కాడలు ఒరిగిపోయి, మొదళ్లు కుళ్లాయి. కంచె వార మడి విరగబూసింది. ఎన్ని తేనెటీగలో! ఏ.డి. గారు ముచ్చటపడి ఫొటోలు తీయించి, ఎవరు పెంచారమ్మా అని అడిగారు. మన సిబ్బందే సార్ అన్నాను. ఆమె పేరు చెబితే, ఏదీ పిలవండి అంటారని భయం. ఇప్పటికీ ఆ జవాబు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన వెళ్లాక కోటయ్యను నిలదీశాను. ఒకే తడి పెడితే ఒక మడి కుళ్లి, ఇంకొకటి పూయడమేమిటి? తల గోక్కున్నాడు.

"కంచె కాడికి పైపు అందదు మేడం. బిందెల్తో ఎవరు మోస్తారు? ఊరికే రాశా."

విత్తనాల వెంట వచ్చిన కాగితం అప్పుడు బయటికి తీశాను. వేరు పట్టాక ఎండగట్టాలని, నీళ్లూ ఎరువూ ఎక్కువైతే కాడ పడిపోతుందని అందులో స్పష్టంగా ఉంది. పైపైన చూసి ఫైలులో పెట్టేసింది నేనే.

ఆమెను మళ్లీ తీసుకోమని ఏజెన్సీకి ఉత్తరం రాశాను. మెమో ఉన్నవాళ్లను తీసుకోవడం కుదరదని జవాబొచ్చింది.

మార్చిలో నకరికల్లు వెళ్లాను. సలోమమ్మ మిరప కల్లంలో కాళ్లు చాపుకుని తాలు కాయలు ఏరుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేకపోయింది. తప్పు నాదేనని చెప్పాను.

"మొదట్లో రోజూ మోసి పోశా మేడం. పోసినయ్యేమో మొదలు మెత్తబడినయ్. మూలన మర్చిపోయినయ్ గట్టిగా నిలబడినయ్. అందుకే ఆపా. ఆపినట్టే రాశా," అంది. కాయలు ఏరడం ఆపకుండానే, "ఒక్క మాట అడిగితే చెప్పేదాన్నిగా," అంది.

నర్సరీ మొత్తానికి ఆ రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాసింది ఆమె ఒక్కతే, మెమో అందుకున్నదీ ఆమె ఒక్కతే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినకుండా నేను ఎవరికీ మెమో ఇవ్వలేదు. సలోమమ్మకు మాత్రం అది పనికిరాలేదు.