బోసిమెడ బొమ్మ

సూర్యారావుపేటలో మేం పనిచేసే స్కానింగ్ సెంటర్లో రేణుక ఎమ్మారై టెక్నీషియన్. పెడన నేతగాళ్ల ఇంటి పిల్ల. మిషనులోకి వెళ్లే ఆడవాళ్లు మంగళసూత్రాలు తియ్యాలి గనక, వాళ్ల మెడలో కట్టడానికి దారం, పసుపుకొమ్ములు తన సొరుగులో ఎప్పుడూ ఉంచేది. ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయ్యేసరికి అది తనదేననుకుంది. రిసెప్షన్లో కూర్చునే నేనూ అదే అనుకున్నాను. తోటి టెక్నీషియన్ సురేష్ కూడా అడిగాడు గానీ, అతనికి పని నేర్పిందే రేణుక.

అప్పుడే మా సెంటర్లో స్కాన్లు చూసే డాక్టర్ దుర్గాశంకర్ గారు ఆడవాళ్ల మెదడుకీ మగవాళ్ల మెదడుకీ తేడా కనిపెడతానని రీసెర్చి మొదలుపెట్టారు. మిషనులో పడుకోబెట్టి తెర మీద లెక్కలు చూపిస్తారు. మగవాళ్లు వాచీ, బెల్టు తీసేసి హాయిగా పడుకున్నారు. ఆడవాళ్లకి మాత్రం పసుపుకొమ్ము కూడా వద్దన్నారు. రీసెర్చి కాబట్టి మెడలో నూలుపోగు కూడా ఉండకూడదట. పాపం, సూత్రాలు కళ్లకద్దుకుని నాకిచ్చి లోపలికి వెళ్లేవాళ్లు.

ఆడవాళ్లు చాలలేదని ఒకరోజు రేణుకనీ పడుకోమన్నారు. వాళ్లాయన కిరీటి మైలవరం నుంచి మామిడికాయల లోడుతో లారీ తీసుకెళ్లాడు. పొద్దుటి నుంచీ ఫోను ఎత్తడం లేదు.

“ఇవాళొద్దండీ” అంది.

“సైన్సుకి వారం వర్జ్యం ఉండవమ్మా” అని నవ్వారాయన.

సూత్రాలు తీసిచ్చింది. సాయంత్రం కిరీటి ఫోన్ చేశాడు. ఛార్జింగ్ అయిపోయిందట, అంతే.

నెల తిరక్కుండానే డాక్టరు గారు ఓనరు గారి ముందు, మా అందరి ముందు ఫలితం చెప్పారు. భయం పుట్టే చోటు ఆడవాళ్ల మెదడులో ఎర్రగా వెలిగిందట. ఆడవాళ్లది పుట్టుకతోనే కంగారు మెదడట. తెర మీద చూపించిన బొమ్మ రేణుకదే.

తను లేచి నిలబడింది. “మెడ బోసిగా పెడితే భయపడమాండీ? పసుపుకొమ్ము కట్టనిచ్చి మళ్లీ స్కాన్ తియ్యండి.”

“అవన్నీ సెంటిమెంట్లమ్మా. పేపరు అచ్చుకెళ్లిపోయింది.”

“అది అబద్ధం కదండీ!” అంటుంటే గొంతు పూడుకుపోయింది.

ఆయన ఓనరు గారి వైపు తిరిగి, “చూశారుగా, నేను చెప్పేదిదే” అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎమర్జెన్సీ కేసులకి స్థిమితమైన మనిషి కావాలని సురేష్‌ని ఇన్‌ఛార్జిని చేశారు. అతని గదిలో గోడకి ఇప్పుడు ఆ బొమ్మ ఫ్రేము కట్టించి పెట్టారు. కింద ‘స్త్రీ మెదడు’ అని రాశారు. ఆ గదిలో రేణుకకి దొరికిన చోటు అదొక్కటే.