కండక్టరమ్మ కుడి చెవి

ఒక బస్సు కండక్టరమ్మకు ఒకరోజు పొద్దున్నే ఎడమ చెవి మూసుకుపోయింది. తలస్నానం చేసింది కాబట్టి లోపలికి నీళ్లు పోయాయనుకుంది. తల వంచి ఒంటికాలి మీద గెంతింది, జలుబేమోనని ఆవిరి పట్టింది. లాభం లేకపోయింది. పైగా ఆ చెవిలో ఒకటే కూత, ఎవరో కుక్కరు ఆపడం మరిచిపోయినట్టు. వారం పోయాక డాక్టరు చూసి, "నరం దెబ్బతిందమ్మా. వెంటనే వచ్చుంటే కొంత ఆశ ఉండేది. రెండో చెవి బాగానే ఉంది, అదృష్టం," అన్నాడు.

రెండోది బాగానే వినేది. కానీ శబ్దం ఎటునుంచి వస్తోందో చెప్పేది కాదు. ఫోను మంచం మీద మోగితే ఆమె వంటింట్లో వెతికేది. కూతురు "అమ్మా" అంటే బొంగరంలా చుట్టూ తిరిగేది. రోడ్డు మీద హారను వినబడితే ముందుకు దూకాలో వెనక్కి తగ్గాలో తెలియక కొయ్యబారిపోయేది. భర్త మాత్రం అలవాటుగా ఎడమవైపే కూర్చుని సణిగేవాడు. "తిట్టాలనుకుంటే ఇటు రండి. అటు తిట్టినవన్నీ దండగ," అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ తర్వాత ఆమె లేచి, ఏ పనీ లేకపోయినా గదులన్నీ కలియదిరిగేది.

డిపోలో మాత్రం నోరు విప్పలేదు. చెప్తే బస్సు దింపేసి ఏ మూలనో కుర్చీలో కూలేస్తారని భయం. ఒకచోట కుదురుగా కూర్చోవడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు. అందుకని బస్సులో ఎదుటి మనిషికి కుడి చెవి అందేలా క్షణానికోసారి అటూ ఇటూ మారుతూ ఉండేది.

"ఏంటి చెల్లెమ్మా, పిల్లి పిల్లల్ని మార్చినట్టు చోటు మారుస్తున్నావు?" అని డ్రైవరు అడిగితే, "నడుం పట్టేసింది అన్నయ్యా," అని తప్పించుకుంది. ఇంకోరోజు ఇంజను మోతలో అతనేదో చెప్పాడు. హాస్యమనుకుని పగలబడి నవ్వింది. ఆ రోజునుంచి అతను మొహం గంటు పెట్టుకున్నాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

వాన పడుతున్న ఒక సాయంత్రం బస్సు కిక్కిరిసిపోయింది. ఒక ముసలావిడ వెనక తలుపులోంచి దిగుతోంది. సంచి పట్టీ కమ్మీకి చిక్కుకుని, ఒక కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. అది చూడకుండా కండక్టరమ్మ గంట కొట్టింది. బస్సు కదిలింది. "ఆపండి!" అని కేక. కేక బాగానే వినబడింది. ముందునుంచి అనుకుని ముందుకు చూసింది. మళ్లీ కేక. కిటికీలకేసి చూసింది. చివరికి అద్దంలో చూసి డ్రైవరే బ్రేకు తొక్కాడు. అప్పటికే ముసలావిడ రోడ్డు మీద మోకాళ్లపై పడి ఉంది.

"అంత అరుస్తుంటే చెవుడా నీకు?" అన్నాడు ఒక ప్రయాణికుడు, ఆవిడను లేవదీస్తూ.

"అవును. ఎడమ చెవి పనిచేయదు," అంది కండక్టరమ్మ. అన్నాకే తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో తెలిసింది. బస్సంతా ఆమెనే చూస్తోంది.

ముసలావిడకు మోకాళ్లు చెక్కుకుపోయాయి తప్ప ఎముకలకేమీ కాలేదు. ఆఖరి స్టాపులో డ్రైవరు వచ్చి కండక్టరమ్మ కుడిపక్కన నిలబడ్డాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"చలికాలం నుంచి."

"మరి మా అత్తగారు ఆస్పత్రిలో ఉందని చెప్తే ఎందుకు నవ్వావు?"

"అయ్యో! జోకనుకున్నా అన్నయ్యా."

అతను మళ్లీ మొహం గంటు పెట్టుకోబోయి, తనే నవ్వేశాడు. "ఆ మాట ఆవిడతో మాత్రం అనకు," అన్నాడు. తర్వాత మెల్లగా, "రేపు ఆఫీసులో నువ్వే చెప్పు. ఇవాళంటే మోకాలు. ఇంకేదైనా అయితే నువ్వూ నేనూ తట్టుకోలేం."

చెప్పింది. ఆమెను టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అద్దానికి ఒకటే రంధ్రం. మాట ఎటునుంచి వస్తుందోనన్న గొడవే లేదు. "నీడపట్టున హాయిగా ఉన్నావు," అన్నారు తోటివాళ్లు. ఆమెకు హాయి లేదు. బల్లకింద కాలు ఆడుతూనే ఉండేది. ప్రతి బస్సు కదిలినప్పుడూ సగం లేచి, మళ్లీ కూర్చునేది. పళ్లు పట్టుకుని ముసలావిడను చూడడానికి వెళ్లింది. "నేనూ తొందరపడ్డాలేమ్మా," అని ఆవిడ అన్నా మనసు కుదుటపడలేదు.

భోజనాల వేళ నాలుగు ముద్దలు గబగబా మింగి బస్సులు నిలిచే చోటికి వెళ్లేది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని, ఏ వైపు బండి కదిలిందో ఊహించేది. తల తిప్పుతుంటే మోత పెరిగి, తగ్గి, ఒక్కోసారి దిక్కు తెలిసేది. ఎక్కువసార్లు తప్పేది. ఒకరోజు డ్రైవరు చూసి, "ఏం చేస్తున్నావక్కడ?" అని కేకేశాడు.

"కుడివైపు," అంది కళ్లు తెరవకుండానే.

"నీ ఎదురుగానే ఉన్నాను చెల్లెమ్మా."

ఆమె కళ్లు తెరిచి చూసింది. "ఎటైనా జరిగి మళ్లీ పిలవండి," అని కళ్లు మూసుకుంది.