నేల గుణం తెలిసిన పెదనాన్న

మా పెదనాన్నతో నేల మాట్లాడుతుందని చోడవరం చుట్టుపక్కల రైతులు నమ్మేవారు. ఏ పొలానికి వెళ్లినా మట్టిగడ్డ తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి తీర్పు చెప్పేవాడు. చెరకు కొట్టాక ఆ మోళ్ల నుంచే మళ్లీ వచ్చే కార్శి పంటను రెండుసార్లకు మించి ఎవరైనా ఉంచితే ఆయన ఊరుకునేవాడు కాదు.

"నేల అలిసిపోనాది బాబూ. ఏడాది దానికి రెస్టియ్యి" అనేవాడు.

పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో, నలభై నాలుగేళ్ల వయసులో, పెద్దమ్మ ఎనిమిదోసారి నెల తప్పింది. నెలలు నిండేకొద్దీ కాళ్లు వాచాయి, చూపు మసకబారింది. అమ్మ పట్టుబట్టి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లింది. బీపీ బాగా ఎక్కువగా ఉందని, ఈ వయసులో ఇది ప్రాణం మీదికి తెస్తుందని, వెంటనే విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని డాక్టరమ్మ చెప్పింది.

అమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెబితే పెదనాన్న నవ్వాడు.

"మా అమ్మ పదిమందిని కన్నాది, ఏటైంది? దీనికిది కొత్తేటి? గానుగాట అయిపోనీ, సూద్దాం."

"నేలకైతే రెండు కార్శిలే కదేటి" అంది పెద్దమ్మ గోడకు జారబడి. పెదనాన్నకు వినబడలేదు. ఆడదాని మాటను నలిపి వాసన చూడడం ఆయనకు అలవాటు లేదు.

బెల్లం దిమ్మలు బండెక్కిన వారానికే పెద్దమ్మకు ఫిట్స్ వచ్చాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

పెదనాన్న చాలా ఏడ్చాడు. నేల బాగా అలిసిపోయిందని ఆ ఏడాది పొలాన్ని బీడుగా ఉంచాడు. ఆ బీడు దున్నక ముందే మాకు కొత్త పెద్దమ్మ వచ్చింది.